కడిగేవాడికి స్నానం

మా ఆయన శవాలు కడుగుతాడు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల మొహాలు ఎలా మారతాయో నాకు కంఠతా వచ్చు. ముందు కనుబొమ్మలు లేస్తాయి, తర్వాత పాపం అంటారు, ఆ తర్వాత నేనిచ్చిన టీ గ్లాసు వైపు అనుమానంగా చూస్తారు. ఎప్పటికైనా మా ఆయన చేతికింద పడుకోవలసినవాళ్లే కదా అని నేను లోపల నవ్వుకుంటాను. నేను కుట్టేవి కూడా చచ్చినవాళ్లకి తొడిగే బట్టలే. పెట్టెలో పడుకునే మనిషికి చొక్కా తొడగాలంటే వెనక నిలువునా కోసి నాడాలు పెట్టాలి. ముందునుంచి చూస్తే పెళ్లికొడుకు చొక్కాలా ఉంటుంది. వెనక ఏమీ ఉండదు.

ఆసుపత్రి వెనక గోడకి ఆనుకుని ఉన్న రెండు గదులు ఉద్యోగంతో పాటు మాకిచ్చినవి. కిటికీ తీస్తే మార్చురీ తలుపు కనిపిస్తుంది. మా ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. దవడ కిందనుంచి గుడ్డ కట్టి నోరు మూస్తాడు, రెప్పలు దించుతాడు, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లతో మొదలుపెడతాడు. చచ్చినవాళ్లకి వేడినీళ్లేమిటని తోటివాళ్లు ఎగతాళి చేస్తే, వాళ్లకి కాదు నా చేతులకి అంటాడు. కడుగుతున్నంతసేపూ వాళ్లతో మాట్లాడుతూనే ఉంటాడు. ఇప్పుడు చెయ్యి ఎత్తుతున్నాను పెద్దాయనా, ఇప్పుడు పక్కకి తిప్పుతున్నాను తల్లీ అని. తనంతట తాను వేలు కూడా కదపలేని మనిషిని ముట్టుకునేముందు చెప్పి ముట్టుకోవడం మర్యాద అని ఆయన లెక్క.

పనిలో చేరిన కొత్తలో ఆయనకో అవమానం జరిగింది. ఒక ముసలాయన్ని పక్కకి తిప్పితే ఆ శవం గట్టిగా నిట్టూర్చింది. తిప్పినప్పుడు ఛాతీలో మిగిలిన గాలి బయటికి రావడం మామూలేనట. మా ఆయనకి అప్పటికి తెలియదు. బతికే ఉన్నాడంటూ అరుచుకుంటూ వార్డులోకి పరుగెత్తాడు. డాక్టరు వచ్చి చూసి, నవ్వి వెళ్లిపోయాడు. అంతే, ఆ రోజునుంచి ఆసుపత్రిలో మా ఆయన పేరు నిట్టూర్పు. గేటు దగ్గర టీ బండి ముందు కనిపిస్తే చాలు, ఏం నిట్టూర్పూ, ఇవాళ ఎవరు లేచారు అని అడిగేవాళ్లు. అక్కడ నవ్వేసేవాడు. ఇంటికొచ్చి కంచంలో వేళ్లు పెట్టి కెలుకుతూ కూర్చునేవాడు.

ఒక సాయంత్రం ఒక పంతులమ్మని తీసుకొచ్చారు. చిన్నవయసు అమ్మాయి, బడిలో పాఠం చెబుతూ కుప్పకూలిందట. డ్యూటీ డాక్టరు చూసి ప్రాణం పోయిందన్నాడు. కడగడం పొద్దున చేద్దామని మా ఆయన ఆమెని చల్లపెట్టెలోని సొరుగులో పడుకోబెట్టి, చేతులు రెండూ గుండెమీద పెట్టాడు. సొరుగు లోపలికి తొయ్యబోతుంటే ఆమె నిట్టూర్చింది.

ఆయన ఆమెని తిప్పలేదు, నొక్కలేదు. శవం దానంతటది నిట్టూర్చదని ఇన్నేళ్ల పనిలో ఆయనకి బాగా తెలుసు. కానీ డాక్టర్ని పిలవాలంటే టీ బండి ముందునుంచే వెళ్లాలి. అక్కడ నవ్వులు వినిపిస్తున్నాయి. ఆయన కాసేపు నిలబడ్డాడు. తర్వాత సొరుగు మూసేశాడు.

పొద్దున తెరిచేసరికి, గుండెమీద పెట్టిన కుడిచెయ్యి మొహం పక్కకి వచ్చి ఉంది. వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి, గోళ్లు విరిగి ఉన్నాయి. మా ఆయన ఆ కీళ్లు ఒక్కొక్కటీ రుద్ది, వేళ్లు సాగదీసి, గోళ్లు కత్తిరించి, చెయ్యి మళ్లీ గుండెమీద పెట్టాడు. ఆ పిల్లకి తొడగాల్సిన గౌను తీసుకెళ్లడానికి ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి నాకు ఇదంతా చెప్పాడు. డాక్టరే పోయిందన్నాక కాదనడానికి మీరెవరు, ఈ మాట ఇంకెక్కడా ఎత్తకండి అన్నాను. ఏ ఇల్లాలైనా అదే అంటుంది. ఉద్యోగం పోతే ఈ రెండు గదులూ పోతాయి. గౌనుకి చివరి నాడా కుట్టి మడతపెట్టి ఆయన చేతిలో పెట్టాను. చక్కగా కుదిరింది ఆ గౌను.

ఆయనకి చలి మొదలైంది అప్పట్నుంచే. చలి అంటే వణుకు కాదు. ఒళ్లు రాయిలా చల్లబడిపోయింది, అంతే. చల్లగదిలో పనిచేసి వచ్చాడు కదా అనుకున్నాను మొదట. ఎండలో కూర్చోబెట్టినా అంతే. ఒకరోజు పొయ్యిమీదనుంచి దించిన గిన్నెని ఉత్తచేతులతో పట్టుకుని, పక్కింటాయనతో తాపీగా మాట్లాడుతున్నాడు. నేను కేకేసి లాక్కున్నాను. అరచేతి చర్మం కమిలిపోయింది కానీ బొబ్బ రాలేదు. నొప్పి లేదా అంటే, నొప్పంటే ఎలా ఉండేదో గుర్తు రావట్లేదన్నాడు. గడ్డం పెరగడం ఆగిపోయింది. మా పిల్లి, అంతకుముందు ఆయన ఒళ్లోంచి దిగేది కాదు, ఆయన గదిలోకి రాగానే గోడవారగా నడిచి బయటికి పోయేది. నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే భయం కంటే ఒళ్లుమంట ఎక్కువ. నా పక్క అవతలి గదిలోకి మార్చేసుకున్నాను.

పనిలో కూడా ఆయన మాట్లాడటం మానేశాడని తోటివాళ్లు చెప్పారు. ఏమండీ, వాళ్లతో కబుర్లు అయిపోయాయా అని నేను వేళాకోళమాడితే తలెత్తకుండా జవాబిచ్చాడు.

"ఇప్పుడు వాళ్లే మాట్లాడుతున్నారే. కొత్తగా వచ్చినవాళ్లు కూడా, నువ్వెప్పుడొచ్చావని నన్నడుగుతున్నారు."

తర్వాత నేను వేళాకోళం ఆడలేదు.

తనకేం జరిగిందో ఆయనకి తెలుసు. బతకాలన్న పట్టుదల కూడా ఉంది. మా ప్రార్థన మందిరంలో బల్లలన్నీ తోమాడు, గోడలకి సున్నం వేశాడు, దిక్కులేని శవాలకి తనే గుంటలు తవ్వాడు. పాస్టరుగారు మురిసిపోయి, ఇలాంటి భక్తుణ్ణి చూసి నేర్చుకోండని అందరిముందూ పొగిడారు. ఆ పొగడ్త విని వచ్చిన రోజున ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. ఉపవాసాలు పట్టాడు. ఆకలే చచ్చిపోయినవాడికి ఉపవాసమేమిటి నా మొహం. రక్తదానం చేస్తానని వెళ్తే నర్సు రెండు చేతులకీ సూది గుచ్చి గుచ్చి అలిసిపోయింది. ఒక్క చుక్క రాలేదు. మీ నరాలకి సిగ్గెక్కువలా ఉందని నవ్వి పంపేసిందట. చేసే మంచి పెరిగేకొద్దీ మనిషి చల్లబడిపోతున్నాడు.

ఇది చాలదన్నట్టు, ఆ పంతులమ్మ తల్లి ప్రతి ఆదివారం మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. బక్కపల్చని మనిషి, మాట మెత్తన. మందిరంనుంచి నేరుగా వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చునేది. బాబు ఉన్నాడా అని అడిగేది. లేడని నేను అబద్ధమాడేదాన్ని. గోడ అవతల ఆయన ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడని చెప్పలేను కదా, బిగబట్టడానికి అసలు ఊపిరుంటే. మంచినీళ్లు తాగి, మళ్లీ వస్తానమ్మా అని వెళ్లిపోయేది. కూతుర్ని అంత అందంగా సాగనంపినందుకు కృతజ్ఞత చెప్పుకోవడానికి వస్తోందనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మంచం మీదనుంచి లేవలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఆర్పడం లేదు. శవం బిగుసుకోవడంలో ఒక వరస ఉంటుందని ఆయనే ఒకప్పుడు నాకు చెప్పాడు. ముందు రెప్పలు, దవడ, తర్వాత మెడ, తర్వాత చేతులు, చివరికి కాళ్లు. ఇప్పుడు ఆ వరస తన ఒంటిమీదే చూసుకుంటూ, పళ్ల మధ్యనుంచి నిదానంగా చెబుతున్నాడు. మెడ అయిపోయింది. భుజాలు అయిపోయాయి. నేను గుమ్మం దాటి లోపలికి వెళ్లలేకపోయాను.

వెనక చెప్పులు విడిచిన చప్పుడు. ఆ తల్లి వచ్చింది. ఆయనకి బాగోలేదండీ, ఇంకోరోజు రండి అని అడ్డం నిలబడ్డాను. నన్ను పక్కకి జరిపి లోపలికి వెళ్లి మంచంమీద కూర్చుంది. ఆయన తల తిప్పలేకపోయాడు. పైకప్పుకేసి చూస్తూనే అన్నాడు.

"అమ్మా, మీ అమ్మాయి ఊపిరి తీసింది. నేను విన్నాను. విని సొరుగు మూసేశాను."

"తెలుసు బాబూ," అంది ఆవిడ.

ఆవిడ గొంతు పెంచకుండా చెప్పుకొచ్చింది. ముందురోజే కూతురి గోళ్లకి తను రంగు వేసిందట. పెట్టెలో చూస్తే గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయట. చచ్చినవాళ్లకి గోళ్లు ఎవరు కత్తిరిస్తారు, సొరుగులో గోకి గోకి విరిగితే తప్ప, అని సమాధి దగ్గరే అర్థమైపోయిందట.

"మొదటిసారి నిన్ను శపించి పోదామనే వచ్చాను. ఆ తర్వాత కూడా అందుకే వచ్చాను. ఒక ఆదివారం మీ గుమ్మం ఎక్కేసరికి ఆ శాపం నా నోట్లో లేదు. వెతుక్కున్నాను కూడా. నాకంత మంచితనం లేదు బాబూ. నా ఇష్టానికి వదిలేస్తే నువ్వు చావాల్సిందే. కానీ నేను చేసిన పాపాలకి నా బదులు యేసు చచ్చిపోయాడు. నా దగ్గర ఏమీ పుచ్చుకోకుండా క్షమించాడు. ఆయన నాకిచ్చిందే నా దగ్గరుంది. అదే నీకు తెచ్చాను."

తీసుకోవడానికి మా ఆయనకి చేతకాలేదు. తను ఎంత చేశాడో చెప్పబోయాడు. బల్లలు, గుంటలు, ఉపవాసాలు. పళ్ల మధ్య మాటలు నలిగిపోతున్నాయి. ఇంకా చెయ్యాల్సింది ఏదైనా ఉంటే చెప్పమన్నాడు, అదీ చేస్తానన్నాడు.

"శవం తన ఒళ్లు తాను కడుక్కుంటుందా బాబూ? ఆ పనిలో ఉన్నవాడివి, నీకు నేను చెప్పాలా?" అని ఆవిడ నావైపు తిరిగి, నీళ్లు కాచి తెమ్మంది.

తెచ్చాను. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, ఆయన చొక్కా విప్పి, గుడ్డ ముంచి పిండి మొహంతో మొదలుపెట్టింది. మంచాన పడ్డ మొగుడికి ఏళ్ల తరబడి చాకిరీ చేసిన చేతులట అవి, తడబాటు లేదు. మెడ, భుజాలు, ఛాతీ. తన కూతురి గోళ్లు కత్తిరించిన ఆ వేళ్లని ఒక్కొక్కటే విడదీసి మధ్యలో తుడిచింది. ఆ వేళ్ల దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. పెదవి కొరుక్కుంది, కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత మళ్లీ ముంచి మళ్లీ తుడిచింది. గిన్నెలో నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి కానీ వాటిలోంచి చల్లగది వాసన వచ్చింది. ఆ వాసన నాకు పెళ్లయినప్పట్నుంచీ తెలుసు. ఆయన ఏమీ చెయ్యలేదు. చెయ్యి ఎత్తితే ఎత్తనిచ్చాడు, తిప్పితే తిరిగాడు.

అప్పుడు అరిచాడు.

అంత అరుపు ఆ గదిలో ఎన్నడూ వినలేదు. నొప్పి, నొప్పి అని అరుస్తూ అరచెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడో కాలిన చోట నా కళ్లముందే బొబ్బలు లేస్తున్నాయి. నర్సు సూదులు గుచ్చిన చోటల్లా రక్తం చుక్కలు చుక్కలుగా పొడుచుకొచ్చింది. కాళ్లు విదిలించుకున్నాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పిల్ల పేరు పిలిచి పిలిచి ఏడ్చాడు. ఆవిడ ఆయన తల ఒళ్లో పెట్టుకుని తనూ ఏడ్చింది. పురిటిగది బయట నిలబడ్డట్టు నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఏడుపు తగ్గాక ఆయన లేచి కూర్చున్నాడు. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేస్తానన్నాడు. ఆవిడ తలూపి, చెబితే క్షమిస్తానని కాదు, అది ముందే అయిపోయింది కాబట్టే వెళ్లు అంది. నాకు గుండె ఆగినంత పనయింది. ఏమండీ, ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు, ఈ ఇల్లు పోతుంది అని దారికి అడ్డం వెళ్లాను. ఆయన తడి చెయ్యి నా చెంపమీద పెట్టాడు. కాలుతున్నట్టనిపించింది.

"పోనీవే," అన్నాడు. పట్టపగలు, టీ బండి ముందునుంచి, ఏడ్చిన మొహంతో నడిచి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. ఎవరో ఏదో అన్నారు, నవ్వారు. ఆయన ఆగలేదు.

ఆవిడ గుడ్డ పిండుతోంది. ఇంక నాకు కోపం ఆగలేదు. మా కాపురం కూల్చిపోవడానికి వచ్చారా, నేను మీకేం అన్యాయం చేశానని అడిగాను. బాబు ఈ సంగతి నీకు ఎప్పుడు చెప్పాడమ్మా అని మాత్రం ఆవిడ అడిగింది. నేను గిన్నె తియ్యబోయాను. మా చేతులు తగిలాయి. ఆవిడ తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు నాడి మీద పెట్టింది. కాసేపు అక్కడ చూసింది. వేళ్లు కొంచెం జరిపి మళ్లీ చూసింది. తర్వాత నా మెడ దగ్గర, చెవి కింద, ఎంతోసేపు వెతికింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు.

"కూర్చో తల్లీ. నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి," అంది.

నాకేమయింది, నేనెందుకు కూర్చోవాలి అందామనుకున్నాను. దవడ కదల్లేదు.

ఆవిడే నన్ను భుజాలు పట్టుకుని మంచంమీద కూర్చోబెట్టింది.