మగ్రిబ్ తర్వాత నడిచే బ్యాకప్

కార్వాన్ బస్తీలోని ఆ యునానీ దవాఖానలో సర్వర్ చూసుకునే నుజహత్‌కు మస్తు చిరాకుగా ఉంది. రోజూ సాయంత్రం ఆరింటికని పెట్టిన రికార్డుల బ్యాకప్ ఆరింటికి కాక ఏదో వేరే టైముకు నడుస్తోంది. పైగా ఆ టైము దాదాపు రోజుకో నిమిషం ముందుకు జరుగుతోంది. మొన్న ఒళ్లు మండి షెడ్యూల్ మొత్తం తీసిపారేసింది. అయినా నిన్న నడిచింది!

విసుగ్గా తలెత్తితే గోడమీద నమాజు వేళల క్యాలెండర్ కనబడింది. బ్యాకప్ టైములు దాంతో పోల్చి చూసింది. ప్రతిరోజూ పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ అజాన్ అయిన సరిగ్గా ఇరవై నిమిషాలకు.

ఆమెకు ముందు ఇదే కుర్చీలో పనిచేసిన మొహియుద్దీన్ భాయ్‌కు షెడ్యూళ్ల మీద నమ్మకం లేదు. మసీదు నుంచి తిరిగొచ్చి, ఒక్క వేలితో టైపు చేసి, బ్యాకప్ తానే నడిపేవాడు. ఆయన చనిపోయి రెండు నెలలైంది.

బయట అజాన్ ముగిసింది. ఇరవై నిమిషాలు గడిచాయి. నుజహత్ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. స్క్రీన్ మీద ఒక్కో అక్షరం ఆగి ఆగి పడుతోంది. ఒకటి తప్పు పడి, చెరిగి, మళ్లీ తప్పే పడింది.

"మాఫ్ చెయ్యుండ్రి భాయ్, మీ కుర్చీల కూసున్న," అంటూ ఆమె గబుక్కున లేచింది.

ఖాళీ కుర్చీ కిర్రుమంది. ఈసారి అక్షరాలు తప్పు లేకుండా పడ్డాయి.