నీలం గిన్నెలో రెండో సగం

నెలలో చివరి ఆదివారం వచ్చిందంటే ఆ ఊరి హోటళ్ళ వాళ్ళందరూ ముందు పేపర్లో ఏడో పేజీ తీసేవారు. ‘ఈ నెల తిన్నవి’ అనే శీర్షిక కింద, ఊరి హోటళ్ళలో ఆ నెల తిన్నవాటిలో గుర్తుండిపోయిన పది వంటకాల గురించి అందులో ఒకావిడ రాసేది. ఆవిడ పేరు పేపర్లో పడేది కాదు. హోటళ్ళ వాళ్ళు ఆవిడని రుచులక్క అనేవారు, అదీ ఎదురుగా ఉన్నప్పుడు. వెనకాల అనేవి ఇక్కడ రాయడానికి బాగోవు. స్టేషన్ రోడ్డులో కొత్తగా పెట్టిన హోటల్ పుట్టగొడుగుల సూప్ గురించి ఓసారి “వేడిగా ఉంది” అని రాసి ఊరుకుంది. ఆ హోటలాయన వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఇక ఉప్పు దగ్గరైతే ఆవిడతో ఎవరూ వేగలేరు. చిటికెడు ఎక్కువైనా పట్టేసేది, చిటికెడు తగ్గినా పట్టేసేది. రుచి విషయంలో ఆవిడ అబద్ధం ఆడిందని మాత్రం గిట్టనివాళ్ళు కూడా అనలేదు.

ఆవిడ ఒక్కతే వెళ్ళి తినేది కాదు. పదకొండేళ్ళుగా తమ్ముడు తోడుండేవాడు. అతనికి బజారులో కళ్ళజోళ్ళ షాపు. దూరపు చూపూ దగ్గరి చూపూ ఒకే అద్దంలో అమర్చడంలో అతనిది అందె వేసిన చెయ్యి. గీత ఎక్కడ పడాలో కొలత పెట్టకుండానే చెప్పేవాడు. ఆ చెయ్యే తిండి దగ్గరా పనికొచ్చింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ చెరొక వంటకం తెప్పించుకుని, సరిగ్గా సగం అవగానే చెంచా కింద పెట్టి, మాటైనా లేకుండా పళ్లేలు మార్చుకునేవారు. మొదటి సగం ఆకలి తినేస్తుంది, రెండో సగమే మనిషి తింటాడు, కాబట్టి రెండూ వేరు వేరుగా చూడాలి అని రుచులక్క సిద్ధాంతం. తమ్ముడికి సిద్ధాంతాలేమీ లేవు. ఏది పెట్టినా “బాగుంది” అనేవాడు.

ఊళ్ళో వాళ్ళకి మాత్రం ఈ వ్యవహారం అసలు గిట్టేది కాదు. అక్కడ ఎవరూ ఎవరి ఎంగిలీ ముట్టరు. బిడ్డ వదిలేసిన ముద్దని తల్లి కూడా తినదు, తీసి పారేస్తుంది. “అక్కాతమ్ముళ్ళైతే మాత్రం, ఎంగిలి ఎంగిలి కాకుండా పోతుందా?” అని ముక్కున వేలేసుకునేవారు.

వంతెన పక్కనున్న హోటల్లో నీలం గిన్నె సంగతి ఊరందరికీ తెలిసిందే. ఏడాదికి మూడు నాలుగు సార్లు, ఎవరూ అడక్కుండానే, వంటింట్లో పొయ్యి మీద ఒక చిన్న నీలం గిన్నె ఉడుకుతూ కనిపించేది. అందులో ఏం పడిందో వంటావిడకే తెలియదు. ఎవరి ముందు పెట్టాలో మాత్రం తెలిసేది. ఎవరి ముందు పెడితే వాళ్ళు తినేవారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపగలిగినవాళ్ళు లేరు. మర్నాటి నుంచి వాళ్ళ నోటికి ఇంక ఏ రుచీ తెలిసేది కాదు. ఏడో రోజున వెళ్ళిపోయేవారు. జబ్బూ ఉండదు, నొప్పీ ఉండదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే.

ఊరు దానికి అలవాటు పడిపోయింది. గిన్నె వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి, పక్కింటి నిచ్చెన పక్కింటికి, ఎదురింటి గొడుగు ఎదురింటికి ఇచ్చేసి, బీరువాలు సర్దుకునేవారు. బస్సు డ్రైవరు ఒకాయన మాత్రం గిన్నెని చూసి లేచి పరిగెత్తాడు. గిన్నె ఆ బల్ల మీదే పొగలు కక్కుతూ మూడు రోజులు కూర్చుంది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయనే వచ్చి, చేతులు కడుక్కుని, తిని వెళ్ళాడు. అయినా ఆ హోటల్‌కి జనం తగ్గలేదు. నిమ్మరసం పిండి అక్కడ వేయించే చేప అలాంటిది మరి.

రుచులక్కకి ఒక దురద ఉండేది. ఊళ్ళో ఆవిడ రాయని వంటకం అదొక్కటే. గిన్నె వచ్చిన పోస్ట్‌మాన్‌ని దారిలో పట్టుకుని, “ఎలా ఉందండీ?” అని అడిగింది. ఆయన ఆ ఏడు రోజుల్లో సంచీలో ఒక్క ఉత్తరం మిగలకుండా పంచే పనిలో ఉన్నాడు.

“బాగుందమ్మా,” అన్నాడు.

“బాగుందంటే ఏమిటండీ? పుల్లగానా, కారంగానా?”

“బాగుందమ్మా,” అని మళ్ళీ అదే అని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ నెల రెండో మంగళవారం మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళు వంతెన పక్క హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. ఆవిడ చేప చెప్పింది, అతను మిరియాల మాంసం చెప్పాడు. మూడేళ్ళ కూతురు కొత్తగా సున్నాలు నేర్చుకుని షాపులో అద్దాలన్నిటి మీదా వేలితో సున్నాలు పెట్టేస్తోందని అతను చెబుతున్నాడు. కోప్పడుతున్నట్టు చెబుతున్నాడు గానీ ముఖమంతా నవ్వే. చేప వచ్చింది. మాంసం రాలేదు.

బట్టతల సర్వర్ రెండు చేతులతో నీలం గిన్నె పట్టుకుని వచ్చాడు. దారిలో ఉన్న బల్లల దగ్గర మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అతను గిన్నెని తమ్ముడి ముందు పెట్టాడు.

“నేను ఇది చెప్పలేదే,” అన్నాడు తమ్ముడు.

గిన్నె వచ్చినవాళ్ళందరూ ముందు ఆ మాటే అంటారు. సర్వర్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడు చెంచా తీసుకున్నాడు.

“ఒరేయ్, వద్దు. లే, ఇంటికి పోదాం,” అంది రుచులక్క. అతనికి వినపడలేదు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి ఆవిడ చేతినీ తనతో పాటే గిన్నెలోకి తీసుకెళ్ళి, పైకి తీసుకొచ్చింది. ఆవిడ వదిలేసింది. చిన్నప్పుడు తను ఎత్తుకు తిరిగిన వాడు కళ్ళముందే చెంచా చెంచాగా అయిపోతుంటే ఆవిడ చూస్తూ కూర్చుంది. సున్నాలు పెట్టే పిల్లే కళ్ళలో మెదిలింది.

అప్పుడు చెంచా ఆగింది. ఆ ఊళ్ళో ఎవరి చెయ్యీ ఆ గిన్నె దగ్గర ఆగలేదు. అతని చెయ్యి ఆగింది. ఎప్పటిలాగే చెంచాని గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. గిన్నెలో సరిగ్గా సగం ఉంది. అతను ఇంకా ఈ లోకంలోకి రాలేదు, చెయ్యి మాత్రం తన అలవాటు ప్రకారం తన పని చేసేసింది.

రుచులక్క చేప పళ్లేన్ని అతని వైపు తోసి, గిన్నెని తన ముందుకి లాక్కుంది.

అతను తేరుకునేసరికి గిన్నె ఖాళీ అయిపోయింది. “ఏం పని చేశావక్కా?” అని అరిచాడు.

“సగం అయింది కదరా,” అంది మూతి తుడుచుకుంటూ. “అలవాటు.”

వంటావిడ తడి చేతులతో బయటికి వచ్చింది. గిన్నెనీ, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఇన్నేళ్ళలో ఈ గిన్నెలో రెండో మనిషి చెంచా పడలేదు,” అంది. “ఇద్దరూ వెళతారో, ఒకరే వెళతారో, అసలు ఎవరూ వెళ్ళరో నన్నడక్కండి. రేపు మీ నోళ్ళే చెబుతాయి.”

మర్నాడు పొద్దున్న రుచులక్క టీ పెట్టుకుని తాగింది. వేడి తెలిసింది, ఇంకేమీ తెలియలేదు. డబ్బా తీసి ఉప్పు నాలుక మీద వేసుకుంది. ఇసుకలా ఉంది. నిమ్మకాయ కోసి చప్పరించింది, మిరియాలు నమిలింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి గానీ కారం రాలేదు. వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుంది. భయమేసింది. చాలా భయమేసింది. తమ్ముడికీ ఇలాగే ఉంటే ఏం చెయ్యాలని ఇంకా ఎక్కువ భయమేసింది.

అంతలో వాడే తలుపు తోసుకుని వచ్చాడు, చెప్పులైనా వేసుకోకుండా.

“అక్కా! టీ చేదుగా ఉంది! నీ మరదలు ఎప్పటిలాగే మరగబెట్టి చంపింది, పరమ చేదుగా ఉంది! నీకు? నీకు తెలుస్తోందా?”

ఆవిడ వాడి ముఖంలోకి చూసింది.

“ఎందుకు తెలీదూ? నా టీలో పంచదార కాస్త ఎక్కువే పడింది,” అంది.

రుచి గురించి ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. తమ్ముడు గడప మీదే కూలబడి, ఏడుస్తూ నవ్వాడు. చావుకే టోపీ పెట్టామని ఆ రోజు షాపుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

తర్వాతి మూడు రోజులూ రుచులక్క బయట పెద్దగా కనపడలేదు. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చేసింది. పక్కింటావిడ దగ్గర తెచ్చుకున్న కుట్టు కత్తెర ఇచ్చేసింది. పక్కింటావిడ కత్తెర అందుకుని ఏదో అడగబోయి మానుకుంది. నెల ఆఖరికి రాయాల్సింది ముందే రాసి, కవర్లో పెట్టి, పేపర్ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. చివరి ఆదివారం దాకా విప్పొద్దంది.

శనివారం మధ్యాహ్నం తమ్ముడి ఇంట్లో భోజనం. ఆవిడ రెండు సార్లు వంక పెట్టి తప్పించుకుంది, మూడోసారి వీలు కాలేదు. వదిన గండం గడిచి బయటపడిందన్న సంబరంతో మరదలు పొద్దుటి నుంచీ వంటింట్లోనే ఉంది. కూరగాయల సూప్ చేసింది, రొట్టె కాల్చింది. ముందు వదిన గిన్నెలో వడ్డించింది.

తమ్ముడు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, భార్యని ఆటపట్టించడానికి నోరు తెరిచాడు. అప్పటికే రుచులక్క మాట్లాడేసింది.

“చాలా బాగుందమ్మాయ్. ఉప్పు సరిగ్గా సరిపోయింది.”

మరదలు మురిసిపోయి తనూ ఒక చెంచా తీసుకుంది. “అయ్యో వదినా, అసలు ఉప్పే...” అని, భర్త ముఖం చూసి ఆగిపోయింది.

“అత్తా,” అంది పిల్ల గిన్నె అవతలికి తోస్తూ, “చప్పగా ఉందిగా!”

  తమ్ముడు చెంచా కింద పెట్టాడు.

“ఎప్పటి నుంచి?” అన్నాడు.

“బుధవారం పొద్దుటి నుంచి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఈ నాలుగు రోజులూ నువ్వు నవ్వేవాడివా?”

అతను లేచి తిన్నగా వంతెన పక్క హోటల్‌కి పరిగెత్తాడు. వంటావిడ కొంగు పట్టుకున్నంత పని చేశాడు. “ఇంకో గిన్నె పెట్టు. నాకొచ్చింది నాకే పెట్టు,” అన్నాడు.

“నేను పెడితే వచ్చేది కాదు నాయనా,” అంది వంటావిడ. “నాకే చేతనైతే ఎప్పుడో పగలగొట్టి ఉండేదాన్ని.”

ఏడో రోజు మంగళవారం. రుచులక్క తమ్ముడి షాపుకి వచ్చి, కళ్ళు పరీక్షించే కుర్చీలో కూర్చుంది. “నీ షాపులో పదకొండేళ్ళలో ఒక్కసారైనా నా కళ్ళు చూశావురా?” అంది. ఊరికే అడిగింది, వాడికి చేతి నిండా పని ఉండాలని. అతను అద్దం బిగించి, గోడకున్న అట్ట మీద అక్షరాలు చదవమన్నాడు.  ఆవిడ పై వరుస చదివింది. రెండోది చదివింది. వరుస వరుసా దిగుతూ అట్ట మధ్యకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

అతను చాలాసేపు ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఆవిడ కళ్ళ మీది అద్దం తీసి, తుడిచి, పెట్టెలో పెట్టాడు.

చివరి ఆదివారం ఏడో పేజీలో ఎప్పటిలాగే పది వంటకాలు వచ్చాయి. తొమ్మిదింటికి ఎప్పటి వాతలే. స్టేషన్ రోడ్డు హోటలాయనకి ఈసారి “ఇంకా వేడిగానే ఉంది” అని పడింది. పదోది ఇలా ఉంది.

“వంతెన పక్క హోటల్, నీలం గిన్నె. దీని మొదటి సగం నేను తినలేదు. తిన్నవాడిని అడిగితే బాగుంది అన్నాడు. వాడి మాట పట్టించుకోకండి, వాడు అన్నిటికీ అదే అంటాడు. రెండో సగం నేను తిన్నాను. అలవాటు కొద్దీ తిన్నానని వాడితో చెప్పాను. అది అబద్ధం. చూసి, తెలిసి, కావాలనే లాక్కున్నాను. మొదటి చెంచాకి భయంతో ఏమీ తెలియలేదు. తర్వాత ఆకలేసింది. పుల్లన, కారం అని విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు, ఇన్నేళ్ళుగా చెబుతున్నదాన్ని, క్షమించండి. ఉప్పు సరిపోయింది.”

ఆ తర్వాత వంతెన పక్క హోటల్‌కి ఒంటరిగా ఎవరూ రావడం లేదు. మొగుడూ పెళ్ళాలూ, అన్నదమ్ములూ, స్నేహితులూ జంటలుగా వచ్చి ఎదురెదురుగా కూర్చుంటున్నారు. చేప పళ్లెం సగం చేసి, చెంచా పక్కన పెట్టి, అవతలి మనిషి వైపు చూస్తున్నారు. అవతలి మనిషి కిటికీలోంచి వంతెన చూస్తున్నాడు.

“సగం దగ్గర ఆపడం అందరూ నేర్చుకున్నారు,” అన్నాడు బట్టతల సర్వర్ వంటావిడతో. “లాక్కునేవాళ్ళే కనపడటం లేదు.”

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపాయన కూతురిని తీసుకుని వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. పిల్లకి రొట్టె, తనకి చేప చెప్పాడు. తింటూ తింటూ ఉండగా చెయ్యి దానంతటదే ఆగి, చెంచా తుడిచి పక్కన పెట్టింది. అతను ఎదురుగా చూడలేక తల దించుకున్నాడు. పిల్ల తన రొట్టె పళ్లేన్ని అతని వైపు తోసి, రెండు చేతులతో చేప పళ్లెం తన ముందుకి లాక్కుంది.

హాల్లో అందరూ తిరిగి చూశారు. అతను పళ్లెం అంచు పట్టుకున్నాడు. “వద్దమ్మా,” అన్నాడు, “అది నాది.” పిల్ల వినలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసిన వంటావిడ వెంటనే పొయ్యి వైపు తిరిగి చూసుకుంది. ఆ రోజుకి పొయ్యి మీద ఏమీ లేదు.