మేడమీది మేడం కక్ష

మేడ మీద కిరాయికున్న స్వర్ణలత చాలా మంచి మనిషని తొండుపల్లిలో అందరూ అన్నారు గానీ, ఇంటామె రేణుకమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. గుంటూరు వైపు మనిషి, యాభై దగ్గర పడింది, ఒంటరిది. రోజూ జీపొచ్చి షాద్‌నగర్ వైపు తీసుకుపోతుంది. ఏం కొలువమ్మా అంటే "గవర్నమెంటు" అంటుంది. ఇంకా అడిగితే బెల్లం కొట్టిన రాయే! పైగా ఇంటర్ చదివే కూతురు అనుపమ, లెక్కల పేరు చెప్పి ఎప్పుడూ ఆ మేడ మీదే.

ఆ పొద్దున వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే పైనుంచి స్వర్ణలత ఫోన్ మాటలు వినబడ్డాయి. "దాని మీద కన్నేసే ఉన్నాం. ఎటు పోయినా పట్టుకుంటాం. నేనుండగా కక్ష్య తప్పనివ్వను."

రేణుకమ్మ చెవికి అది కక్ష అనే వినబడింది. చేతిలో చీర జారి మట్టిలో పడింది. ఎయిర్‌పోర్టు వచ్చి భూముల ధరలకు రెక్కలొచ్చాక, గట్టు తగాదాలో పాలివాళ్లు ఆమె భర్త సోమయ్యను కక్షగట్టి చంపారు. ఇప్పుడు ఆ కక్షే తన నెత్తి మీద కాపురం పెట్టి, తన బిడ్డకు లెక్కలు చెబుతోందా! గబగబా మెట్లెక్కింది.

"మేడం, ఇల్లు ఖాళీ చెయ్యి. ఎవతి మీద కన్నేసినవో నాకెందుకు గని, నీ కక్షలు నా బిడ్డకు అంటొద్దు."

స్వర్ణలత తెల్లబోయింది. పక్కనే పుస్తకం పట్టుకున్న అనుపమ కిసుక్కున నవ్వింది.

"గది కక్ష గాదే అమ్మా, కక్ష్య! ఆకాశంల ఉపగ్రహం తిరిగే తొవ్వ. మేడం దాన్ని భూమ్మీదనుంచే నడిపిస్తది. ఆ కంట్రోల్ రూముల కూసున్న మొదటి ఆడమనిషి మేడమే. ఇప్పుడు ఆడ అందరికీ పెద్ద."

రేణుకమ్మ అంత తేలిగ్గా మెత్తబడే రకం కాదు. "మరి గింత గొప్ప ముచ్చట దాచుడెందుకు?"

"చెబితే నవ్వుతారండీ. ఆడదానివి, నువ్వేం నడుపుతావంటారు."

"నిజం చెప్పు. ఎవల మీద కక్ష లేదా నీకు?"

స్వర్ణలత చేతిలో ఫోన్ పక్కన పెట్టింది.

"ఉందండీ. చేరిన కొత్తలో ఈ కంట్రోల్ రూములో నీకేం పని, టీ తెచ్చిపెట్టు అన్నారు. ఆ కక్షతోనే ఇన్నేళ్లూ కుర్చీ వదల్లేదు."

రేణుకమ్మకు ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. "మా పాలోళ్లది గిసొంటి కక్షయితే మా ఆయన బతికుంటుండె," అంది.

కొంగుతో కళ్లు తుడుచుకుని, అనుపమ రెక్క పట్టి తెచ్చి స్వర్ణలత పక్కన కూర్చోబెట్టింది.

"ఆ తొవ్వ సంగతి ఎన్కకు మేడం. ముందుగాల దీనికి నీ కక్ష నేర్పు."