ఆవ పెట్టిన కూర

ఆ పొద్దున మబ్బు భోగాపురం వైపు సముద్రం మీంచి లేచి, రామతీర్థం కొండ దాకా వచ్చి ఆగిపోయింది. కురవదు, తొలగదు. దేముడమ్మ పెరట్లో అరటికాయలు కోస్తూ రెండుసార్లు పైకి చూసింది. వాన పడితే స్కౌటు మాస్టారు రాడు. రాకపోతే బాగుణ్ణని ఒకసారి, వస్తేనే మంచిదని ఒకసారి అనుకుంది.

పోలండులో స్కౌటు పిల్లల జంబూరీ. దేశదేశాల పిల్లలు ఒకే మైదానంలో గుడారాలు వేసుకుని ఉంటారట. బడి మొత్తానికి ఒక్క చోటు వచ్చింది. అది మరిది కూతురు శ్రావణికి దక్కింది. రెండో పేరు తన కొడుకు నరేష్‌ది. అక్కడ ఎవరి ఊరి వంట వాళ్ళు ఆరుబయట వండి పక్క దేశం పిల్లలకు పెట్టాలి. ఆ వంట ఇవాళ మాస్టారి ముందు వండి చూపించాలి. శ్రావణి ఇందులో తప్పితే నరేష్ వెళ్తాడు.

ముడులు వెయ్యడంలో, గుడారం నిలబెట్టడంలో నరేష్‌ను మించినవాడు లేడు. శ్రావణికి ఆ ముడులు నేర్పిందీ వాడే. అయితే ఆ పిల్ల ఎవరి ముందైనా గడగడా మాట్లాడుతుంది. వీడు నేల చూస్తాడు. నోరుంటే తల కాస్తుందని ఊరికే అనలేదు. పిల్ల పేరు వచ్చినప్పటి నుంచీ దాని తల్లి, తోడికోడలు తవిటమ్మ బిందె దించినా చప్పుడు ఎక్కువగానే వినిపిస్తోంది దేముడమ్మకి.

శ్రావణి వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, అరటికాయ ఆవ పెట్టిన కూర నువ్వొండినట్టు ఇంకెవులికీ రాదు. నాకు సెప్పవా?"

"మీయమ్మ సెప్పలేదేటే?"

"మాయమ్మ ఒండితే కుక్క కూడా ఆలోసిస్తాది."

"ఒసే, ఆ కూర తినే ఇంత పొడుగయ్యేవే!" అంది తవిటమ్మ, బిందె తీసుకుని కుళాయికి పోతూ. ఆగి దేముడమ్మ వైపు తిరిగింది. "సెప్పప్పా. నీ సేతి కూర ఆ తెల్లోళ్ళు కూడా తింటారు."

కూర తనది. విమానం వాళ్ళ పిల్లది. 

అయినా చెప్పింది. కాయ ఎంత ఉడకాలో, చింతపండు పులుసు ఎప్పుడు పొయ్యాలో, పచ్చి ఆవాలు ఎలా నూరాలో అన్నీ చెప్పింది.

"నూరిన ఆవ ఎప్పుడు కలపాల?"

కూర దించి, వేడి తగ్గాక కలపాలి. మంట మీద కలిపితే చేదెక్కుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు మొదట నేర్పిన సంగతి అది.

"మంట మీదుండగానే ఎయ్యి," అంది దేముడమ్మ. "మూతెట్టి మగ్గనీ."

మాస్టారు ఉమాశంకర్ విజయనగరం నుంచి బండి మీద వచ్చాడు. శ్రావణి గాలి వాటం చూసి నేల తవ్వి, ఇటుకలు పేర్చి, ఎండు తాటాకుతో మంట అంటించింది. నరేష్ గోడ మీద కూర్చుని చూస్తున్నాడు. శ్రావణి ఆవ ముద్ద తీసి ఉడుకుతున్న కూరలో వెయ్యగానే వాడు తల తిప్పి తల్లి వైపు చూశాడు. దేముడమ్మ చేటలో బియ్యం ఏరసాగింది.

మాస్టారు కొంచెం రుచి చూసి, గబగబా నీళ్ళు తాగాడు.

"కాస్త చేదుంది. మీ ఇళ్ళల్లో ఇలాగే తింటారా?"

 శ్రావణి అప్పటికే నిప్పు ఆర్పి, బూడిదలో చెయ్యి పెట్టి వేడి చూసి, తవ్విన మట్టి తిరిగి పూడుస్తోంది. మాస్టారు ఆ నేలను కాలితో తట్టి చూశాడు.

"నేను చూడ్డానికొచ్చింది ఇదమ్మా, నిప్పు చల్లార్చి నేల సర్దడం. వంటదేముంది, నేర్చుకుంటావు. నీ పేరు ఖాయం." వాన వచ్చేలా ఉందని భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయాడు.

శ్రావణి కూర నాలిక మీద వేసుకుంది. మొహం మారిపోయింది. "సెప్పినట్టే సేసేనే..."

తవిటమ్మ కూడా వేలితో తీసి నాకింది. "ఆవ ఎప్పుడేసేవే?"

"మంట మీద. పెద్దమ్మే..." అని ఆగిపోయింది పిల్ల.

తొందరలో మర్చిపోయానని చెబుదామనుకుంది దేముడమ్మ. చేటలో బియ్యమే మళ్ళీ ఏరసాగింది. తవిటమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది.

"కంచాలెట్టే," అంది కూతురితో. "అన్నం సల్లారిపోతాది."

నలుగురూ కూర్చున్నారు. గరిటె నరేష్ తీసుకున్నాడు. ముందు తల్లి కంచంలో నిండుగా వేశాడు, తర్వాత తన కంచంలో. తవిటమ్మ గిన్నె తన వైపు లాక్కుని తనకీ, కూతురికీ వేసింది. నరేష్ అన్నంలో కలిపి పెద్ద ముద్ద పెట్టుకున్నాడు. నీళ్ళు ముట్టుకోలేదు. దేముడమ్మ కూడా కలుపుకుంది. ఎవరూ తల ఎత్తలేదు, ఎవరూ వదిలెయ్యలేదు.