లౌతారో మాస్టారి తెలుపు

నార్సిసా కారును బస్సొకటి రాసుకుపోయింది. ఎడమ తలుపు లోపలికి నొక్కుకుపోయింది. మెకానిక్కు బాగుచేసి ఇచ్చిన తలుపు తెల్లగానే ఉంది గాని కారుతో కలవలేదు. కారుది పాల తెలుపు, తలుపుది సున్నం తెలుపు. ఆ మాటే అంటే అతనికి కోపం వచ్చింది.

"అంత తేడా కనిపెట్టేదానివి, నువ్వే వెళ్ళి నేర్చుకోలేకపోయావా?"

అది తిట్టు. నార్సిసా దాన్ని సలహాగా తీసుకుంది. మరుసటి వారం శిక్షణ కేంద్రానికి వెళ్ళి, కార్లకు సొట్టలు తీసి రంగులు వేసే ఏడు నెలల కోర్సులో పేరు రాయించుకుంది.

అప్పటికామెకు యాభై నాలుగేళ్ళు. అంబాతో ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళుగా ఆడవాళ్ళ జుట్టుకు రంగు వేస్తోంది. మార్కెట్టు వెనక వీధిలో రెండు కుర్చీల దుకాణం. ఉదయం కోర్సు, మధ్యాహ్నం నుంచి జుట్టు అని లెక్క వేసుకుంది.

మొదటిరోజు లౌతారో మాస్టారు షెడ్డు గుమ్మంలో నిలబడి హాజరు పిలుస్తున్నాడు. పొట్టి మనిషి, ఇస్త్రీ చేసిన నీలం కోటు, పెద్ద మీసం. ఆ జిల్లాలో సొట్టలు తీసే సగం మంది ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళే.

"తల్లిదండ్రుల మీటింగు పై అంతస్తులో, అమ్మా" అన్నాడు ఆమెను చూసి.

"నేను పన్నెండో నంబరు, మాస్టారూ."

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"సుత్తి ఎత్తగలరా?"

"ముప్ఫయ్యేళ్ళు చేతులు పైకెత్తి పనిచేశాను."

"అయితే రండి."

మిగతా పదకొండుమందీ ఇరవై దాటని కుర్రాళ్ళు. రెండురోజులు ఆమె ముందు బూతులు మాట్లాడకుండా ఓపిక పట్టారు. మూడోరోజు ఆమె సుత్తి తన బొటనవేలి మీదే వేసుకుని ఒక మాట అంది. ఆ తరవాత వాళ్ళకు ఇబ్బంది లేకపోయింది.

సొట్టలు తీయడం ఆమెకు ఒంటబట్టలేదు. రేకు వెనక ఇనుపదిమ్మ పెట్టి ముందునుంచి సుత్తితో చిన్నగా, బియ్యం చెరిగినట్టు ఒకే తూకంలో కొట్టాలి. ఆమె కొడితే ఒకచోట లేచి ఇంకోచోట కుంగేది. మాస్టారు కళ్ళు మూసుకుని అరచెయ్యి రేకు మీద నడిపించి, "ఇక్కడ కొండ, ఇక్కడ లోయ. అమ్మా, నేనడిగింది తలుపు" అనేవాడు. కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె పుట్టీ పెట్టి, ఎండాక తడిపిన గరుకుకాగితంతో రుద్ది, కొండనీ లోయనీ ఎలాగో కప్పెట్టేది.

నాలుగో నెలలో రంగులు మొదలయ్యాయి. కొన్నాళ్ళు ఊరి దగ్గరి అగ్నిపర్వతం నుంచి బూడిద రాలి పెయింటు గది మూసేశారు. తెరిచాక మొదటి పని సిస్టర్ల బడి వ్యాను. నీలం వ్యాను, వెనక మూల నలిగింది. మాస్టారికి రంగు కలపడానికి నమూనా అట్టలూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు. కంటితో చూస్తాడు, నాలుగు డబ్బాల్లోంచి ఒంచుతాడు, కర్రతో తిప్పుతాడు. "ఇదీ" అన్నాడు.

అది కాదు. నార్సిసాకు గిన్నెలోనే తెలిసింది. వ్యానుది ఆకాశం నీలం, గిన్నెలోది ఊదావైపు నడిచిపోయిన నీలం. ఎండితే సరిపోతుందేమోనని ఆగింది. తడిజుట్టు ఒక రంగు, ఎండినజుట్టు ఒక రంగు, అది ఆమెకు తెలియనిది కాదు. ఎండింది. ఇంకా దూరం నడిచింది.

పక్కనున్న బైరాన్‌ని అడిగింది. క్లాసులో అందరికన్నా చురుకైనవాడు.

"నీకు ఒకేలా కనిపిస్తున్నాయా?"

"లేదు."

"మరి చెప్పవేం?"

"మార్కులేసేది ఆయన, నార్సిసమ్మా. ఆయనకి కనబడంది నాకు మాత్రం ఎందుకు కనబడాలి?"

ఆ రోజు నుంచి ఆమె మాస్టారిని గమనించింది. ఎరుపు కలిపితే చక్కగా కలిసేది. ఆకుపచ్చా ఫరవాలేదు. నీలమూ తెలుపూ దగ్గరికి వచ్చేసరికే దారి తప్పుతున్నాడు. పైగా ఆయన మీసం. నల్లరంగు ఇంట్లో తనే వేసుకుంటాడు కాబోలు, వెలుతుర్లోకి వస్తే మీసం వంకాయ రంగులో మెరిసేది. మీసానికి రంగేసుకునే మనిషి అద్దం చూడకుండా ఉండడు. చూస్తున్నాడు, కనబడటం లేదు.

ఒకరోజు కుర్రాళ్ళు వెళ్ళిపోయాక ఆమె తన సంచీలోంచి బ్రష్షూ గిన్నే తీసి బల్లమీద పెట్టింది.

"కూర్చోండి మాస్టారూ. మీసం సరిచేస్తాను."

"నా మీసానికేం? నల్లగా ఉంది."

"ఊదాగా ఉంది."

ఆయన స్ప్రే గన్ను విప్పి ఒక్కో ముక్కా తుడిచి వరసగా పెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న గన్ను.

"ఎప్పట్నుంచి?"

"నేను చేరేటప్పటికే."

"వ్యాను?"

"వ్యాను కూడా."

"రేపు ఎనిమిదింటికి రండి" అన్నాడు, లైటు ఆర్పేస్తూ. ఆమె ఇంకా లోపలే ఉంది.

మర్నాడు ఆమెను రంగుల్లోంచి తప్పించి ఒక బస్సు బంపరిచ్చి రుద్దమన్నాడు. పదిరోజులు రుద్దింది. వేలిముద్రలు అరిగిపోయి బ్యాంకు మిషను ఆమె వేలిని గుర్తుపట్టలేదు. ఆయన మీద కోపం వచ్చింది, తన మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. దుకాణానికి పాడైన జుట్టుతో వచ్చినవాళ్ళతో ఆమె ఏనాడూ అలా మొహమ్మీద అనలేదు. "రంగు కొంచెం ఎరుపు తిరిగినట్టుంది" అనేది. ఈయనతో ఊదా అనేసింది.

పదకొండోరోజు సాయంత్రం లౌతారో మాస్టారు దుకాణానికి వచ్చాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, తలకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాడు. వాళ్ళు పత్రికొకటి ఇచ్చారు. తీసుకుని పెళ్ళి గౌన్లు చూస్తూ కూర్చున్నాడు. తన వంతు వచ్చాక కుర్చీ ఎక్కి గొంతు తగ్గించాడు.

"నల్లది వేయండి. నిజంగా నల్లది."

వేసింది.

"రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తోడు ఎవరో ఒకరు రావాలట."

"మీ అమ్మాయి?"

"మా అమ్మాయికి చెబితే రేడియోలో చెప్పినట్టే."

డాక్టరు చిన్నవాడు. దీపం వేసి రెండు కళ్ళూ చూసి, "రెండింట్లోనూ శుక్లాలు. బాగా ముదిరి పసుపెక్కాయి. తేనె సీసాలోంచి చూస్తున్నట్టుంటుంది మీకు. మూడేళ్ళవుతుందేమో. తేడా తెలియలేదా?" అన్నాడు.

"తెలిసింది. మా కేంద్రంలో లైట్లు చవకబారువి కొంటున్నారనుకున్నాను."

ముందు ఒక కన్ను, మూడు వారాలకు రెండోది ఆపరేషను చేశారు. ఆయన సెలవులో ఉన్న ఆరువారాలూ రంగు కలిపే పని నార్సిసాకు అప్పజెప్పమని ఆయన కేంద్రానికి ఉత్తరం రాసి ఇచ్చాడు. కారణం దగ్గర 'ఆమెకు కనబడుతుంది' అని రాశాడు. కుర్రాళ్ళు ఆమెను మాస్టారమ్మా అనడం మొదలుపెట్టారు. వెక్కిరింతగానే మొదలైంది, రెండో వారానికి అలవాటైపోయింది.

కట్లు విప్పాక మొదటి సోమవారం, సంతరోజు, ఆయన ఆమెను వెంటబెట్టుకుని మార్కెట్టు చుట్టూ నడిచాడు. నాలుగడుగులకోసారి ఆగాడు.

"ఆ తలుపు నాది" అన్నాడు ఒక జీపు చూసి. కాసేపటికి, "ఆ డిక్కీ మూత నాది. అయ్యో, ఆ టాక్సీ కూడా."

వాడిపోయిన నీలాలు, ఊదా ఎక్కిన నీలాలు, తెల్లటి కార్ల మీద దుప్పటిముక్కలు అతికించినట్టు ఇంకో తెలుపులు. సిస్టర్ల వ్యానుతో కలిపి పదిహేడు బళ్ళు లెక్కపెట్టాడు. బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆపరేషనయ్యాక నీళ్ళు కారతాయని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి నార్సిసా ఏమీ అడగలేదు. వేయించిన మొక్కజొన్నలు పొట్లం కొని ఇచ్చింది. తిన్నాడు.

"అన్నీ మళ్ళీ వేస్తాను. ఊరికే" అన్నాడు.

ముందు సిస్టర్ల దగ్గరికి వెళ్ళారు. మదర్ గేటు దగ్గరికే వచ్చింది.

"మదర్, మీ వ్యాను రంగు కలవలేదు" అన్నాడాయన.

"తెలుసు నాయనా. తీసుకొచ్చిన రోజే చూశాం."

"మరి చెప్పలేదే?"

"మీరు అంత సంతోషంగా తాళాలిచ్చారు. ఎలా చెబుతాం?"

జీపు ఆసామికీ తెలుసు. టాక్సీవాడికీ తెలుసు. ఆలుగడ్డల వ్యాపారి సెగుందో అయితే తన తెల్ల లారీని ముట్టుకోనివ్వలేదు.

"ఆ తలుపు జోలికి రాకండి మాస్టారూ! పోయినేడు లారీ ఎత్తుకుపోతే, నంబరు మార్చినా ఆ తలుపు చూసే పట్టుకున్నారు పోలీసులు. దేశంలో అలాంటి తెలుపు ఇంకోటి లేదన్నారు."

తిరిగొస్తుంటే ఆయన దారిలో ఆగున్న ప్రతి కారు తలుపునూ వంగి చూశాడు.

"ఊరందరికీ తెలుసన్నమాట."

"మీరంటే గౌరవం, మాస్టారూ."

"ఆ గౌరవంతో మూడేళ్ళు చెడ్డపని చేయించారు నాచేత" అన్నాడు. "బస్సు బంపరు విషయం... పదిరోజులు ఎక్కువైంది."

"వేలిముద్రలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి."

సెగుందో లారీ వదిలేసి మిగతా పదహారూ వరసగా షెడ్డులోకి వచ్చాయి. క్లాసుకు అంత పని ఏనాడూ దొరకలేదు. ఆయన కలిపేవాడు, ఆమె చూసేది, ఆమె కలిపేది, ఆయన చూసేవాడు. తెలుపుకు నల్లచుక్క ఒకటా రెండా అని ఇద్దరూ గంటసేపు పోట్లాడుకుంటే కుర్రాళ్ళు రొట్టె తినివచ్చేవాళ్ళు. ఆయన కొత్తకళ్ళతో అన్నిటినీ చూస్తున్నాడు. గోడమీద మరకలు, బైరాన్ చొక్కామీద గ్రీజు, నార్సిసా నుదుటిమీద ముడతలు. చూసిన ప్రతిదీ పైకి అనేవాడు. రెండో వారానికి పాత మాస్టారే నయమన్నారు కుర్రాళ్ళు.

జులైలో పరీక్ష పెట్టారు. రంగులో నార్సిసాకు ఇరవైకి ఇరవై వచ్చాయి. ఆ కేంద్రంలో ఎవరికీ రాలేదట. సొట్టల్లో తొమ్మిది వచ్చాయి. పాసుకు పద్నాలుగు కావాలి.

ఆమె కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"మాస్టారూ, ఇన్ని నెలలు మీరు నా రేకు మీద చెయ్యేసి కొండ, లోయ అన్నారు. అయినా ప్రతిసారీ పద్నాలుగు, పదిహేను వేశారు. ఇప్పుడు తొమ్మిదా?"

"అప్పుడు చేత్తో చూశాను. పుట్టీ కింద దాగినవి కొన్ని చేతికి అందలేదు." పరీక్షకు ఆమె చేసిన కారు తలుపును ఆయన ఎత్తి కిటికీకి ఎదురుగా నిలబెట్టాడు. కిటికీ అంచు ప్రతిబింబం దానిమీద వాగులా వంకర్లు తిరిగింది. "ఇప్పుడు కనబడుతోంది కదమ్మా."

"మిమ్మల్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేను!"

"అవును. జన్మలో మరిచిపోను. తొమ్మిది."

ఆమె గది తలుపు ధడాలున వేసి వెళ్ళింది. వారంరోజులు దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ ఆయన సంగతి చెప్పింది, ఉన్నదానికి కొంచెం కలిపి. ఎనిమిదోరోజు సొట్టల క్లాసులో మళ్ళీ పేరు రాయించుకుంది. కొత్త బ్యాచిలో తొమ్మిదిమంది కుర్రాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. పొద్దున వాళ్ళతోపాటు సుత్తి పట్టేది, పదింటికి వాళ్ళకే రంగులు నేర్పేది. అక్టోబరులో పద్నాలుగున్నర వచ్చాయి. ఆ అర ఎందుకని అడిగితే, అది దయ కాదు, కొలిచానని ఆయన అన్నాడు.