రేకులో పడని చుక్క

బుక్కరాయసముద్రంలో ఆ వీధికి ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు గుమ్మం ముందు ముగ్గు పడదు. అది ఏ ఊళ్లోనైనా ఉన్నదే. ఏడాది తిరిగాక మొదటి ముగ్గు ఆ ఇంటివాళ్లు వేసుకోకూడదు, బయటి మనిషి వచ్చి వేయాలి అన్నది మాత్రం ఆ వీధి సొంతం. పిలిచి వేయించుకోవడమూ పనికిరాదు. పిలిచి వేయించుకున్న ముగ్గు నిలవదట. ఎవరు చెప్పారని అడిగితే ఒక్కరూ చెప్పలేరు గానీ, పాటించమంటే అందరూ ముందుంటారు.

పాటించడంలో ముందుండేవాళ్లే వేయడానికి వెనకాడేవాళ్లు. చావు చూసిన గుమ్మం కదా, ఆ కీడు తమ పసుపుకుంకుమలకు ఎక్కడ తగులుతుందోనని ముత్తయిదువలకు జంకు. అందుకని ఆ పని ఎప్పుడూ తిప్పమ్మ మీదే పడేది. "నా మొగుడు ఎప్పుడో పాయ. ఇంగ నాకేం తగల్తాది?" అనేది ఆమె. ఎవరింటి సంవత్సరీకం ఎప్పుడో ఆమెకు నోటికి వచ్చు. ఆ మర్నాడు తెల్లారేసరికి చంకలో ముగ్గు రేకు పెట్టుకుని ఆ గుమ్మం ముందు ఉండేది.

రేకంటే మరేం కాదు, నూనె డబ్బా అడుగు. కదిరి తిరునాళ్లలో కొన్నది. తామర పువ్వు ఆకారంలో దానికి చిల్లులు పొడిచి ఉంటాయి. ముగ్గుపిండి పోసి నేలకు తట్టితే పువ్వు దిగుతుంది. కీళ్లనొప్పులతో వేళ్లు వంకరపోయిన తిప్పమ్మకు అది లేకపోతే గీత పడదు. దాన్ని చేసిన మహానుభావుడెవరో పని మధ్యలో టీకి లేచిపోయినట్టున్నాడు, ఒక దళం కొనన చిల్లు పొడవడం మరిచిపోయాడు. ఆ ఒక్క చుక్కా తిప్పమ్మ చూపుడువేలితో పెట్టేది.

రెండువేల రెండులో, కరువు మీద కరువు వచ్చిన ఆషాఢంలో, ఆ తిప్పమ్మే కన్నుమూసింది.

ఇంట్లో మిగిలింది కూతురు రామాంజినమ్మ ఒక్కతే. పెళ్లయి కణేకల్ పోయి, రెండేళ్లకే పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన మనిషి. ఆ కథ వేరే. కుట్టుమిషను మీద బతుకుతుంది. ముగ్గులేని గుమ్మంలో కొత్త రవిక కుట్టించుకోవడానికి ఎవరొస్తారు? శుభకార్యాల బట్టలన్నీ అనంతపురం టౌనుకు పోయాయి. చర్చికి వెళ్లే రెబెకా మాత్రం పక్కవీధి నుంచి వచ్చేది. ఆమెకు ఈ పట్టింపులు లేవు. ఆమె లంగాలు కుట్టడం అయిపోతే మిషను ఆగేది. మిషను ఆగితే ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండేది కాదు.

చేతులు ఊరుకోవు కదా. ఒకనాడు మూలన ఉన్న రేకు తీసి దుమ్ము దులిపింది. వాకిట్లో తట్టే యోగం లేదు. రవికల కొలతలు కత్తిరించే కాగితాలైతే బోలెడు ఉన్నాయి. ఒక కాగితం పరిచి, మీద రేకు పెట్టి, బట్టల నీలిమందులో ముంచిన గుడ్డ ఉండతో చిల్లుల మీద అద్దింది. రేకు ఎత్తి చూస్తే నీలం తామర. అమ్మ ఇప్పుడే తట్టి వెళ్లినట్టు అనిపించి, ఆ పూట రామాంజినమ్మ అన్నం కూడా వండుకోలేదు.

అక్కడితో అది వ్యసనమైంది. బెండకాయ తొడిమ దగ్గర కోసి కుంకుమ నీళ్లలో అద్దితే పువ్వులు పడ్డాయి. మిషనులో దారం చుట్టే బాబిను టీ డికాషనులో ముంచి అద్దితే బండి చక్రాలయ్యాయి. అమ్మ చీర అంచు ముక్క, చెనిక్కాయ పొట్టు, అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయిన నాటి బస్సు టికెట్టు, అన్నీ మైదా జిగురుతో అంటించేది. జిగురు ఆరాక కాగితంతో సహా మిషను కింద పెట్టి అంచుల వెంబడి ఎర్రదారంతో కుట్టు వేసేది. కాగితం చిరిగిపోతే తిట్టుకుని, వెనక పాత క్యాలెండరు అట్ట వేసి మళ్లీ కుట్టేది. ఏ పేజీ చూసినా ఒక మూల తామర ఉంటుంది. ఏ తామరలోనైనా ఆ ఒక్క చుక్క ఖాళీగా ఉంటుంది. అది అమ్మ వేలిది, ఇంకో వేలికి దాని మీద హక్కు లేదని ఆమె మొండితనం.

రెబెకా ఒకసారి చూసి, "బాగుండాయిక్కా. గోడకన్నా ఏసుకో" అంది.

"గోడకేస్తే చూసేదానికి ఎవరొస్తారు?" అని రామాంజినమ్మ నవ్వింది. రెబెకా వెళ్లిపోయాక ఆ నవ్వే ఏడుపైంది.

ఏడాది తిరిగింది. ఆషాఢంలో సంవత్సరీకం పెట్టింది. చుట్టాలెవరూ రాలేదు. తనే నీళ్లు వదిలి, కాకికి ముద్ద పెట్టింది. మర్నాడు వాకిలి ఊడ్చి, రేకులో పిండి పోసి అరుగు మీద పెట్టి, లోపల కూర్చుని ఎదురుచూసింది. ఆషాఢం గాలి ఎర్రదుమ్మును తెచ్చి గుమ్మం నిండా పోసింది. ఎదురింటి బయమ్మ బయటికొచ్చి తన ముగ్గు తను వేసుకుని, ఇటు ఒక చూపు చూసి, తల దించుకుని లోపలికి పోయింది. మర్నాడూ అంతే. నీళ్ల ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు ఆమె బిందెకు కాస్త ఎడంగా తమ బిందెలు పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగనిదే ఆమె చెప్పకూడదు, చెబితే అదీ పిలిచినట్టే.

ఆమెకు కావలసింది పిడికెడు పిండి కాదు. ఈ వీధిలో నేనూ ఒక మనిషినే అని ఎవరో ఒకరు ఒప్పుకోవడం. అమ్మ ప్రతి గుమ్మానికీ పోయింది కదా, అమ్మ గుమ్మానికి ఒక్కరూ రారా? రాత్రీ పగలూ ఇదే రోకటిపాట. చివరికి మనసు గట్టి చేసుకుంది. శ్రావణమాసం మొదటి శుక్రవారం దాకా చూస్తుంది. అప్పటికీ ఎవరూ రాకపోతే రేకును పాత ఇనుముకు వేసేసి, మిషను ఎత్తుకుని టౌనులో ఒక గది చూసుకుంటుంది. అక్కడ ముగ్గున్నా లేకపోయినా అడిగేవాళ్లుండరు.

ఆ శుక్రవారం వచ్చింది. వీధి వీధంతా ముగ్గులు. రామాంజినమ్మ రేకు మళ్లీ అరుగు మీద పెట్టింది, ముందురోజు కుట్టిన పేజీ మీద తామర తడి ఆరలేదని దాని అంచు రేకు కింద నొక్కి ఉంచింది. గాలి కాగితం అంచు పట్టుకుని లాగి, వీధి దాటించి, బయమ్మ దొడ్డి కంపలో పడేసింది. రామాంజినమ్మ గుమ్మంలో నిలబడి చూసింది గానీ తేవడానికి పోలేదు. శుక్రవారం పూట ఈ గుమ్మం మనిషి ఆ గుమ్మంలో అడుగుపెడితే ఏమనుకుంటారోనని భయం.

కాసేపటికి బయమ్మే కాగితం పట్టుకుని వచ్చింది.

"ఏమ్మే రామాంజీ, ఇది నీదేనా? మా కంపకు తగులుకోనుండాది."

"నాదేక్కా."

బయమ్మ ఇవ్వలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది తిప్పమ్మత్త ముగ్గు కదా" అంది. తర్వాత అరుగు వైపు చూసింది. "రేకులో పిండి పోసిపెట్టుకున్యావే. సమచ్చరీకం ఇంగా కాలేదు కదా?"

"ఆషాడంలోనే అయిపాయక్కా."

"అయిపాయనా? మరి నోరిప్పి చెప్పల్ల కదమ్మే."

"పిలిచి ఏపిచ్చుకోకూడదంటాండె మాయమ్మ."

బయమ్మ అరుగు మీద కూలబడింది. కాగితం మీది కుట్టును వేలితో తడిమింది.

"నిజం చెప్తా. ఎవరి ఏడాది ఎప్పుడనేది ఆయమ్మే చూసుకుంటాండె. నీ గడప బోసిగా ఉండేది చూసి, ఇంగా కాలేదులే అనుకుంటి. అట్ల అనుకుంటే నాకూ నిమ్మళంగా ఉండె. మా ఆయనకు ఎద నొప్పి, నీకు తెలుసు కదా. నాకు బెదురుమ్మే."

"బెదురుంటే వద్దులేక్కా." రామాంజినమ్మ ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

బయమ్మ కాగితం అరుగు మీద పెట్టి చివాలున లేచింది. "వద్దనేదానికి నువ్వెవరు? నువ్వు పిలవకూడదు, వద్దనకూడదు. లోపలికి పో. తలుపేసుకో."

రామాంజినమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. బయట చీపురు చప్పుడు, నీళ్లు చల్లిన చప్పుడు. ఆ తర్వాత రేకు. టక్, టక్, టక్. చిన్నప్పుడు అమ్మ వెంట పోయి ఆ చప్పుడు ఎన్నో గుమ్మాల ముందు విన్నది. తలుపు లోపల నిలబడి వినడం ఇదే మొదలు. లోపల ఉన్నవాళ్లకు అది ఎలా వినిపిస్తుందో అమ్మకు తెలుసు, అందుకే ఒక్క ఇల్లూ వదల్లేదు. అది అర్థమై రామాంజినమ్మ తలుపుకు నుదురు ఆనించి ఏడ్చింది.

తలుపు తీసేసరికి బయమ్మ నేల మీద గొంతుక్కూర్చుని గాలిని తిడుతోంది. పువ్వులో ఒక పక్క అప్పుడే చెదిరింది. లేవబోతూ బయమ్మ రేకులో చూపుడువేలు ముంచి, ఆ దళం కొనన చుక్క పెట్టింది. ఎక్కడ పెట్టాలో వెతుక్కోలేదు.

"ఆ చుక్క నీకెవరు చెప్పినారక్కా?"

"చెప్పేదేముండాది? మా అత్త పోయినప్పుడు మా గడపలో పెట్టలేదా ఆయమ్మ? ఈ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. రేకులో పడదు, ఏలితో పెట్టాల."

రామాంజినమ్మ అరుగు మీది కాగితం తీసి, బయమ్మ ముందు నేల మీద పరిచి, గాలికి లేవకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. నీలం తామరలో ఒక చోట ఖాళీగా ఉంది.

"ఈడ గూడా పెట్టక్కా" అంది.