అసలు పుత్తన్‌పుర

వాన. ఆకుపచ్చ చుక్క. వాన.

పడమటి వాలున, సిల్వర్ ఓక్ చెట్టు కొసన, ఒక చిన్న దీపం కన్ను కొడుతోంది.

ఉన్నాను... ఉన్నాను... ఉన్నాను.

అలాంటి దీపాలు మాకు తొమ్మిది. కొండకొకటి. ఒక్కోదాని కింద అరచేతిలో పట్టే డబ్బా. ఇంట్లోని ఫోను చెట్టు మీది డబ్బాకు చెబుతుంది. డబ్బా ఆ మాటను అవతలి కొండకు విసురుతుంది.

ఎవరూ జీతమివ్వలేదు. ఎవరూ అడగలేదు.

ఒక ఏడాది వానల్లో కొండచరియ జారినప్పుడు ఫోన్ టవర్లు చచ్చిపోయాయి. ఎదుటి కొండ మీద మనుషులు ఉన్నారో లేదో... నాలుగు రోజులు తెలియలేదు.

ఆ నాలుగు రోజులే మా చేత ఇవి కట్టించాయి.

బడిలో సైన్సు చెప్పే మాష్‌ని, డబ్బాలు నేను అతికించాను. మిరియాలు కోసే కురియచ్చన్ చెట్లెక్కాడు. "మాషే, మిరియం తీగ పాకిస్తే మిరియాలు కాస్తాయి. ఇదేం కాస్తుంది?" అని పైనుంచి అడిగాడు.

మాటలు, అన్నాను.

"అవి మా ఇంట్లో చెట్టెక్కకుండానే కాస్తున్నాయి."

తప్పు ఒక్కచోటే చేశాం. పేరు దగ్గర.

మా కొండల్లో ఇంటిపేరు మనిషికి కాదు, ఇంటికి. డబ్బాలకూ ఆ పేర్లే పెట్టాం. తూర్పు వాలున త్రేసియామ్మ ఇల్లు పుత్తన్‌పుర. పడమటి వాలున ఏలియామ్మ ఇల్లు — అదీ పుత్తన్‌పురే. పుత్తన్‌పుర అంటే కొత్త ఇల్లు. రెండూ నాకంటే పాతవి.

తోటికోడళ్లు. పొలం పంచుకున్నారు, పాత్రలు పంచుకున్నారు. పేరు పంచుకోలేకపోయారు. పదకొండేళ్లుగా మాటల్లేవు.

ఒక్కరైనా డబ్బా పేరు మార్చుకోండి అని బతిమాలాను. త్రేసియామ్మ పాలు లేని కట్టన్ కాఫీ ఇచ్చి, "అసలుది మాది. దాన్నే మార్చుకోమను" అంది. ఏలియామ్మ ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు పెట్టి, అక్షరం పొల్లుపోకుండా అదే అంది.

తిన్న నోరు ఎలా లేస్తుంది? రెండింటికీ ఒకటే పేరు పెట్టి దిగొచ్చాను.

రోజూ ఆరింటికి ప్రతి ఇల్లూ ఒక మాట పంపాలి. అందరికీ కనిపిస్తుంది.

పుత్తన్‌పుర: బాగున్నాను.

పుత్తన్‌పుర: నేనూ.

ఏది ఎవరి మాటో తెలిసేది కాదు. నవ్వుకునేవాళ్లం.

ఈ కర్కాటక మాసపు వానల్లో ఆ నవ్వు ఆగింది.

మధ్యాహ్నం మూడు. టవర్లు మళ్లీ పోయాయి. నా తెర మీద —

పుత్తన్‌పుర: వెనక గోడ పడింది. కాలు రాళ్ల కింద ఉంది. నీళ్లు వస్తున్నాయి.

జీపు ఒకటే, కురియచ్చన్‌ది. కూడలి నుంచి తూర్పుకు ముప్పావుగంట. పడమటికీ అంతే. తప్పు దారి పడితే... ఆ నీళ్లు ఆగవు.

"ఎటు, మాషే?"

ఏ పుత్తన్‌పుర? అని రాశాను.

జవాబు వచ్చింది.

అసలుది.

కురియచ్చన్ స్టీరింగ్ మీద తల వాల్చాడు. "ఇప్పుడు కూడానా, అమ్మచ్చీ..."

తూర్పా, పడమరా? మళ్లీ రాశాను.

జవాబు లేదు.

వాన. వాన. వాన.

అప్పుడు తెర వెలిగింది.

పుత్తన్‌పుర: నాది తూర్పు. నాకేం కాలేదు. పడమటికి పోండి. అసలుది అదే.

పదకొండేళ్లు. ఒక్క మాట.

జీపు పడమటికి దూకింది.

ఏలియామ్మ నడుము లోతు నీళ్లలో ఉంది. ప్రాణం ఉంది. ఫోను నీళ్లలో కొట్టుకుపోయింది. మేం రాళ్లు తీస్తుంటే కాలి సంగతి అడగలేదు. ఇక్కడికే రావాలని మీకెవరు చెప్పారు, అంది.

తెర చూపించాను.

కళ్లజోడు లేకుండానే రెండుసార్లు చదివింది.

"అక్షరం తప్పు రాసింది" అంది. తర్వాత ఏడ్చింది.

కురియచ్చన్ ఆమెను తీసుకుని ఆసుపత్రికి దిగిపోయాడు. కొండ కింద, చాలా దూరం. మా దీపాలు అక్కడికి అందవు. కాలు ఉంటుందో, పోతుందో — కబురు అతనితోనే రావాలి. మిగతా ఇళ్ల కోసం నేను పైనే ఉండిపోయాను.

ఆరైంది. ఈసారి ఒకే పుత్తన్‌పుర.

పుత్తన్‌పుర: తిన్నదా?

ఎవరి గురించి అడిగిందో ఆ మనిషి కొండ మీద లేదు. అయినా ఒక కొండ అందుకుంది. ఇంకో కొండకు విసిరింది. అది ఇంకోదానికి...

పడమటి వాలున, సిల్వర్ ఓక్ చెట్టు కొసన —

వాన. ఆకుపచ్చ చుక్క. వాన.

తిన్నదా... తిన్నదా... తిన్నదా...